సుగ్గికి పోయే ఊర్లు: అపోహలు – వాస్తవాలు

సంక్రాంతి అయిన మూడో నాడో నాలుగో నాడో కృష్ణగిరి మండలంలో ఏ పల్లెకైనా పొద్దున్నే పోయి చూడండి. రచ్చకట్ట దగ్గర బొలెరో ఆగి ఉంటుంది. బియ్యం మూట, జొన్నపిండి సంచి, గ్యాస్ పొయ్యి, నాలుగు గిన్నెలు, చుట్ట చుట్టిన ప్లాస్టిక్ పట్ట, వాటి మీద పిల్లలు. ఇంటికి తాళం వేసి, వాకిలికి అడ్డంగా కంప ఈడ్చి, గోడకానుకుని కూర్చున్న జేజికి "ఉగాదికొస్తాం" అని చెప్పి బండెక్కుతారు. దీన్నే ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. కన్నడ సీమను ఆనుకుని ఉన్న ఈ పల్లెల్లో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, ఆలూరు, పత్తికొండ వైపు పేదలకు మాత్రం ఆ పంట సొంతది కాదు. గుంటూరు, పల్నాడు, ఖమ్మం చేలల్లో ఇంకొకరి మిరప.

హంద్రీ–నీవా కాలువ కృష్ణగిరి మీదుగానే పోతుంది. అయినా మెట్ట చేలో పత్తి, బుడ్డలు వేసినవాళ్లకు వాన మొహం చాటేస్తే బండెక్కడం తప్ప దారి లేదు. ఈ జనం ఆరోగ్యం గురించి బయటివాళ్లు నమ్మే అబద్ధాలు కొన్ని ఉన్నాయి, వాళ్లు వాళ్ల గురించి నమ్మేవి కొన్ని ఉన్నాయి. రెండింటి వల్లా నష్టపోయేది వాళ్లే. అందుకే రెండింటినీ ఒకేచోట పెడుతున్నాను.

అపోహ: "వాళ్లకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు. ఎంత చెప్పినా వినరు."

ఈ మాట నేను మీటింగుల్లో విన్నాను, టీ అంగళ్ల దగ్గర విన్నాను, చదువుకున్న బంధువుల ఇళ్లలోనూ విన్నాను. విన్న ప్రతిసారీ కడుపు మండుతుంది. ఒక్క తేదీ చూడండి. దేశమంతా పిల్లలకు నులిపురుగుల మాత్ర ఇచ్చేది ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న. 1 నుంచి 19 ఏళ్ల వాళ్లందరికీ బడిలో, అంగన్‌వాడీలో అల్బెండజోల్ మాత్ర నమిలి మింగమని ఇస్తారు. ఫిబ్రవరి 10 నాటికి సుగ్గి పిల్లలు ఎక్కడుంటారు? వందల కిలోమీటర్ల అవతల మిరప చేను గట్టు మీద, పట్ట గుడిసె నీడన చెల్లెల్ని ఆడిస్తుంటారు. ఆ రోజు తప్పినవాళ్లకు వారం తర్వాత ఇంకో రోజు పెడతారు. అప్పటికీ వాళ్లు రారు. ఊర్లో రిజిస్టర్‌లో ఆ పేర్ల ఎదురుగా 'గైర్హాజరు' పడుతుంది. మరుసటి ఏడాది ఎవరో ఆ కాగితం చూసి శ్రద్ధ లేదంటారు.

చెప్పులు లేని కాళ్లతో తడి మట్టిలో తిరిగే పిల్లలకే కొంకి పురుగు పట్టేది. అది పేగు గోడకు అతుక్కుని రక్తం పీలుస్తుంది. అంటే ఆ మాత్ర అందరికంటే ఎక్కువ కావలసినవాళ్లకే అది అందని రోజున పంచుతున్నాం. టీకాలదీ ఇదే కథ. తొమ్మిది నెలలకు వేయాల్సిన తట్టు టీకా, గర్భిణులకు ప్రతి నెలా 9న జరిగే ప్రత్యేక పరీక్షలు, బిడ్డ బరువు తూచే రోజు, అన్నీ సొంతూరిలో నిలబడి ఎదురుచూస్తుంటాయి. మనిషేమో అక్కడ ఉండడు. బండ్లు కదిలేది ఎప్పుడో ఊర్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. పండగకు ముందు వారమే ఆ మాత్రలు, టీకాలు అయిపోగొట్టి, గర్భిణి చేతిలో మూడు నెలలకు సరిపడా మందులు పెట్టి పంపడం మన చేతిలో పనే.

అపోహ: "మన కార్డు ఈ ఊర్లోనే చెల్లుతుంది. పరాయి జిల్లాలో మనల్ని ఎవురు చూస్తారు?"

ఇది లోపలివాళ్ల నమ్మకం. తండాల్లో మరీ గట్టిగా ఉంది. తుగ్గలి, పత్తికొండ వైపు సుగాలి తండాల నుంచి పోయే ఆడవాళ్లు గుంటూరు యాసకే కొంచెం బెదురుతారు, ఇక ఆసుపత్రి గడప ఎక్కడమంటే చెప్పక్కర్లేదు. కానీ నిజం వాళ్ల పక్షాన ఉంది. బిడ్డ టీకాల కార్డు దేశంలో ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో చూపించినా తర్వాతి టీకా వేయాల్సిందే. కాన్పు ఏ సర్కారు ఆసుపత్రిలోనైనా చేసుకోవచ్చు. 108 ఎక్కడి నుంచి ఫోన్ చేసినా వస్తుంది, ఆధార్ అడగదు. రేషన్ బియ్యం వేరే జిల్లాలోనే కాదు, వేరే రాష్ట్రంలోనూ తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో ఆ ఏర్పాటు దేశంలో మొదటిసారి ప్రయోగాత్మకంగా మొదలైన జోడీల్లో ఆంధ్రప్రదేశ్–తెలంగాణ ఒకటి.

క్షయ విషయంలో ఇది ప్రాణాధారమైన సంగతి. ఆరు నెలల మందు మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది, మామూలు మందులకు లొంగదు. సుగ్గికి పోయేవాళ్లు మానేసేది నిర్లక్ష్యంతో కాదు, మందు సొంతూరి ఆసుపత్రిలోనే దొరుకుతుందనుకుని. రోగి వివరాలు నిక్షయ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఉంటాయి. ఆ నంబరు చెబితే పల్నాడులోనూ ఖమ్మంలోనూ అదే మందు, అదీ ఉచితంగా. తిండి కోసం ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెంచారు. అది బ్యాంకు ఖాతాలోనే పడుతుంది కాబట్టి మనిషి ఎక్కడున్నా వస్తుంది.

హక్కు కాగితం మీద ఉండడం వేరు, చేను గట్టు దాకా రావడం వేరు. అది నాకూ తెలుసు. పని ఇచ్చిన రైతు, ఆ ఊరి ఆశ కార్యకర్త, వీళ్లిద్దరిలో ఒకరైనా గుడిసెల వైపు నడిచి వస్తేనే ఇవన్నీ పనిచేస్తాయి. వచ్చినచోట నిజంగానే పనిచేశాయి.

అపోహ: "ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుంది. బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది."

ఒక ఇంటి అరుగు మీద విన్న మాటలు ఇవి. ఆశ కార్యకర్త ఆ ఊరి కోడలే, ఎదురుగా ఐదో నెల గర్భిణి.

"వదినా, అవి మింగినప్పట్నుంచి దొడ్డికి నల్లగా అయితాంది. బిడ్డకు గూడా అదే రంగొస్తాదంట గదా?"

"ఎవరు చెప్పినారు?"

"మా అత్త. ఆయమ్మకు నలుగురు పిల్లోల్లు, ఒక్క మాత్ర మింగలేదంట."

ఆశ నవ్వలేదు, కసరలేదు. "ఒంటికి పట్టింది పోంగ మిగిలింది నల్లగా బయటికి పోతాది, అంతే. నీ బిడ్డ రంగు నీదో, మా అన్నదో వస్తాది, మాత్రది రాదు" అంది. ఆ రెండు వాక్యాల్లో ఉన్నదంతా శాస్త్రమే. రంగును నిర్ణయించేది తల్లిదండ్రుల జన్యువులు. మాత్రలో ఉన్న ఇనుము తల్లి రక్తానికి పోతుంది, బిడ్డ మెదడు ఎదగడానికి పోతుంది. బిడ్డ లావవుతుందన్న భయమూ తలకిందులు. ఈ పల్లెల్లో కనిపించే ప్రమాదం రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టే బిడ్డ.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్లలోపు పిల్లల్లో అది 63.2 శాతం. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములు ఉండాలి. ఏడుకు దిగితే కాన్పులో మామూలుగా పోయే రక్తాన్నే ఆ ఒళ్లు తట్టుకోలేదు. ఏడు గ్రాములతో రోజంతా వంగి మిరపకాయలు కోయడమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. గుండె దడ, కళ్ల ముందు చీకట్లు. పక్కనున్న మేస్త్రీకి మాత్రం ఆమె బద్ధకస్తురాలిగా కనిపిస్తుంది.

మాత్ర వేసుకున్నా రక్తం పట్టకపోవడానికి ఒక చిన్న కారణం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. అది టీ. చేలో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి టీ ఇస్తారు. ఆకలి చచ్చిపోతుందని దాంతోనే మాత్ర మింగేస్తారు. టీలోని వగరు ఇనుమును పట్టేసి ఒంటికి చేరనివ్వదు. మాత్రకు గంట అటు, గంట ఇటు టీ వద్దు. వాంతి వచ్చేవాళ్లు రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. క్యాల్షియం మాత్ర అదే పూట వద్దు, అది వేరే పూటకు. గర్భం నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. ఇంతే లెక్క.

అపోహ: "పిల్లకు తొందరగా పెండ్లి చేస్తే భద్రం. లేత వయసులో కాన్పు సులువు."

దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. సుగ్గికి పోయే తల్లి ముందు రెండే దారులు. పద్నాలుగేళ్ల పిల్లను వెంట తీసుకుపోయి, తలుపు లేని పట్ట గుడిసెలో పడుకోబెట్టాలి. లేదంటే కళ్లు సరిగా కనపడని జేజి దగ్గర మూడు నెలలు వదిలిపోవాలి. రెండింటికీ ఆ తల్లి గుండె ఒప్పుకోదు. అందుకే మూడో దారిగా పెళ్లి. భయం నిజమైనదే, మందు మాత్రం విషం. రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని అదే సర్వే చెప్పింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో అప్పటికే తల్లులైనవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు ఇక్కడ 12.6 శాతం, దేశంలో 6.8 శాతం.

లేత వయసులో కటి ఎముకలు పూర్తిగా ఎదగవు. కాన్పు అడ్డం తిరగడం, బీపీ పెరిగి ఫిట్స్ రావడం, నెలలు నిండకుండా పుట్టడం ఆ వయసులోనే ఎక్కువ. ఆపై తల్లికి తన ఒళ్లు పెరగడానికే చాలని రక్తాన్ని బిడ్డతో పంచుకోవాల్సి వస్తుంది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, వలస కాలంలో పిల్లల కోసం తెరిచే సీజనల్ హాస్టళ్లు ఈ తల్లికి నిజమైన నాలుగో దారి. హాస్టల్ బండ్లు కదలకముందే తెరుచుకోవాలి, తర్వాత కాదు. పెళ్లి ఆపాలంటే 1098కి చేసే ఒక్క ఫోన్ చాలు, చేసినవాళ్ల పేరు బయటికి రాదు.

అపోహ: "మిరప మంట వాళ్లకు అలవాటే."

చర్మం మంటకు పూర్తిగా అలవాటు పడదు. ఆ ఘాటు నీళ్లలో కరగదు కాబట్టి నీళ్లతో ఎంత కడిగినా పోదు. వంటనూనె రుద్ది ఆ తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే మాత్రం నూనె వద్దు, శుభ్రమైన నీళ్లతో పావుగంట కడగాలి. మంటతో పాటు ముందు రోజు కొట్టిన పురుగుమందూ కాయ మీదే ఉంటుంది. ఆ చేత్తోనే బిడ్డకు పాలిస్తారు. చేతికి తొడుగులు, చేతులు కడుక్కోను సబ్బు ఇవ్వడం పని ఇచ్చేవాళ్ల బాధ్యత.

అపోహ: "నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుంది."

క్రిములు పోతాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ దాని పాలు ఇంకా పెరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లను తాగడానికి, వండడానికి వాడొద్దు.

అపోహ: "పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టి, మంత్రం వేయించాలి. నొప్పి లేదంటే విషం ఎక్కలేదన్నట్టే."

సుగ్గిలో నేల మీద పడుకుంటారు కాబట్టి దీని గురించి వివరంగా చెప్పాలి. రాత్రిపూట వచ్చేది కట్లపాము. నిద్రలో కరుస్తుంది, దోమ కుట్టినంత కూడా తెలియదు. వాపు ఉండదు, గాటు కనపడదు. తెల్లారుజామున మనిషి లేచి కడుపులో నొప్పి అంటాడు, గొంతు పట్టేసింది అంటాడు. కనురెప్పలు బరువుగా వాలిపోతాయి. ఇంట్లోవాళ్లు తిన్నది అరగలేదనుకుని సోడా తాగిస్తారు. ఆ గంటలే ప్రాణం తీసేవి. నేల మీద పడుకున్న మనిషికి పొద్దున్నే కడుపు నొప్పితో పాటు కనురెప్పలు వాలుతుంటే, పాము కనపడకపోయినా ఆసుపత్రికి ఎత్తుకు పోవాల్సిందే.

మంత్రం ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుందో కూడా చెప్పాలి, లేదంటే ఎవరూ నమ్మరు. కరిచే పాముల్లో చాలావరకు విషం లేనివే. విషపు పాము కరిచినా ఒక్కోసారి విషం వదలదు. ఆ మనుషులంతా ఎలాగూ బతుకుతారు, పేరు మంత్రగాడికి వస్తుంది. నిజంగా విషం ఎక్కినవాడికి ఉన్న మందు ఒక్కటే, యాంటీ వెనమ్. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ అదే సీసా. దాన్ని తయారు చేయడానికి కావలసిన విషాన్ని ఏళ్లుగా అందిస్తున్నది ఎవరనుకున్నారు? తమిళనాడులో 1978లో పెట్టుకున్న సహకార సంఘంలోని ఇరుళ గిరిజనులు. అడవి మనుషులకు మంత్రాలే తెలుసనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

విషం ఎక్కిందో లేదో చూడడానికి పెద్ద మిషన్ అక్కర్లేదు. పింజర కాటు అనుమానం ఉంటే డాక్టరు కొంచెం రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు పక్కన పెడతారు. తర్వాత వంచి చూస్తే గడ్డకట్టి ఉండాలి. నీళ్లలా జారితే విషం రక్తాన్ని పాడుచేసినట్టే, మందు వెంటనే ఎక్కించాలి. పల్లె ఆసుపత్రిలో గోడ గడియారం, గాజు గొట్టం ఉంటే జరిగే పరీక్ష ఇది. కట్లపాముకు మాత్రం ఈ పరీక్ష చెప్పదు, అక్కడ రెప్పలే గుర్తు. ఊపిరి ఆడని స్థితి వస్తే వెంటిలేటర్ ఉన్నచోటికి, అంటే సొంతూర్లో ఉంటే కర్నూలు పెద్దాసుపత్రికి, పంపాలి.

తాడుతో బిగించి కట్టొద్దు, ఆ కట్టుతో కాళ్లు కుళ్లిపోయినవాళ్లు ఉన్నారు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలి మెట్టెలు, కడియాలు తీసేయాలి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కట్టె పెట్టి వదులుగా గుడ్డ చుట్టాలి. 108 ఆలస్యమయ్యేట్టుంటే మోటార్ సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పోవాలి, నడిపించొద్దు. పామును చంపి తేవాల్సిన పని లేదు.

మొన్న బండెక్కే ముందు ఆ గర్భిణి ప్లాస్టిక్ కవర్ ముడి విప్పి ఆశ కార్యకర్తకు చూపించింది. తల్లీబిడ్డల కార్డు, తొంభై ఐరన్ మాత్రలు, నూట ఎనభై క్యాల్షియం మాత్రలు, ఒక కాగితం మీద ఈ ఆశ ఫోన్ నంబరు, దాని కింద గుంటూరు వైపు ఆ ఊరి ఆశది. రెండో నంబరు సంపాదించడానికి ఈ ఊరి ఆశ మూడు రోజులు ఫోన్లు చేసింది. గర్భిణి కవర్ మళ్లీ ముడేసి, బియ్యం మూటలో కాకుండా చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకుంది. దోమతెర పెట్టుకున్నావా అని అడిగితే ప్లాస్టిక్ పట్ట పక్కన చుట్టి పెట్టిన దాన్ని చూపించింది. అంచులు పరుపు కిందికి మడిచి పడుకుంటే కట్లపాము కూడా లోపలికి రావడం కష్టం.