లుకేమియా కణం గోత్రం

అనంతసాగరం మండలంలో ఓ పిల్లవాడికి జ్వరం ఎంతకీ తగ్గక, ఒళ్లు పాలిపోయి, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే ఆత్మకూరుకో నెల్లూరుకో తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తారు. గాజుపలక మీద పరిచిన రక్తంలో ఎదగని తెల్లకణాలు, అంటే బ్లాస్టులు, గుంపులుగా కనిపిస్తే అక్యూట్ లుకేమియా అనే రక్తక్యాన్సర్‌ను అనుమానిస్తారు. కానీ అవి లింఫాయిడ్ కణాలా, మైలాయిడ్ కణాలా? మైక్రోస్కోపులో చాలాసార్లు రెండూ ఒకేలా ఉంటాయి. మందులు మాత్రం వేరు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిచ్చి, 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. దాని దగ్గరి చుట్టం మెథోట్రెక్సేట్ నేటికీ లింఫాయిడ్ రకం చికిత్సలో ముఖ్యమైన మందు. మైలాయిడ్ రకంలో ఆ స్థానం సైటరబిన్‌ది.

మరి కణం ఏ రకానిదో, అంటే దాని గోత్రం, తెలిసేదెలా? కణం తన మీదా లోపలా మోసే ప్రోటీన్లే చెబుతాయి. ఒక్కో ప్రోటీన్‌కు మాత్రమే అతుక్కునే మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీని 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్నారు. వాటికి మెరిసే రంగులు తగిలించి, కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపడమే ఫ్లో సైటోమెట్రీ. ఎం.పి.ఓ. అనే ఎంజైమ్ ఉంటే మైలాయిడ్. సి.డి.3 అనే ప్రోటీన్ ఉంటే లింఫాయిడ్‌లో టి-కణం; పసికణాల్లో అది పైపొర మీద కాకుండా లోపలే దాగి ఉంటుంది కాబట్టి లోపల కూడా వెతకాలి. సి.డి.19తో పాటు సి.డి.79ఎ, సి.డి.22 లాంటివి కనిపిస్తే లింఫాయిడ్‌లోనే బి-కణం. ఒక్క గుర్తును నమ్మి తీర్పు చెప్పరు: మైలాయిడ్ గుర్తులైన సి.డి.13, సి.డి.33 కొన్ని లింఫాయిడ్ లుకేమియాల్లోనూ కనిపిస్తాయి. అరుదుగా రెండు వంశాల గుర్తులూ కలిసిన మిశ్రమ రకం కూడా ఉంది.

తర్వాత జన్యువుల వంతు. 15, 17 క్రోమోజోములు ముక్కలు మార్చుకుని పి.ఎం.ఎల్.-రారా జన్యువు పుడితే అది ప్రోమైలోసైటిక్ లుకేమియా. రక్తస్రావంతో త్వరగా ప్రాణం తీయగలదు. అందుకే అనుమానం రాగానే విటమిన్-ఎ సంబంధిత మందు ఏ.టి.ఆర్.ఏ. మొదలుపెడతారు. ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్‌తో ఈ లుకేమియాను నయం చేయడంలో వెల్లూరు సి.ఎం.సి. వైద్యుల కృషి పేరుపొందింది.

ఊళ్లో తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. జ్వరానికో కీళ్లనొప్పులకో వేసే స్టెరాయిడ్ సూది లింఫాయిడ్ బ్లాస్టులను చంపగలదు. కొంతకాలం జబ్బు తగ్గినట్టే కనిపిస్తుంది, నిర్ధారణ ఆలస్యమవుతుంది. కారణం తెలియని జ్వరం, పాలిపోవడం, రక్తస్రావం కలిసి ఉంటే స్టెరాయిడ్ కంటే ముందు రక్తపరీక్ష జరగాలి.