గట్టు దిగేటప్పుడు జాగ్రత్త!

కోవూరు: పెన్నా డెల్టాలో దమ్ము పనులకు, ఇందుకూరుపేట, విడవలూరు తీర గ్రామాల్లో రొయ్యల గుంతల పనులకు ట్రాక్టర్లే ఆధారం. అయితే ఏటవాలు గట్లపై ఏమరుపాటు ప్రాణాంతకం కాగలదు.

వాలుకు అడ్డంగా కాక నిలువుగా నడపాలి. దిగడానికి ముందే తక్కువ గేరు వేయాలి. మధ్యలో క్లచ్ తొక్కినా, న్యూట్రల్ చేసినా బండి అదుపు తప్పుతుంది. రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి ఉంచాలి. ఒక్క చక్రానికే బ్రేకు పడితే బండి పక్కకు తిరిగి బోల్తా పడే ప్రమాదముంది. కాలువ ఎంత లోతుంటే దాని అంచుకు కనీసం అంత దూరంలో వెళ్లాలి. తడిసిన కట్ట బరువుకు కుంగిపోతుంది.

బురదలో వెనుక చక్రాలు కూరుకుపోతే ముందుకు లాగించరాదు. చక్రాలు కదలకపోతే ముందుభాగం పైకి లేచి, రెండు సెకన్లలోపే బండి వెనక్కి తిరగబడవచ్చు. రివర్స్ గేరులోనే బయటకు తీయాలి. మడ్‌గార్డులపై ఎవరినీ కూర్చోబెట్టరాదు. కుదుపుకు జారితే పెద్ద చక్రం కిందే పడతారు.