బడి ముందు రోడ్డుకు మనిషి కావాలా? తేల్చేది ఎలా?

హైదరాబాద్ నుంచి 65వ జాతీయ రహదారి మీద సోలాపూర్ వైపు పోతుంటే, కర్ణాటక సరిహద్దుకు ముందు వచ్చే పెద్ద పట్టణం జహీరాబాద్. బీదర్ పక్కనే ఉంటుంది. మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఇక్కడే ఉంది. చుట్టుపక్కల పల్లెలు చెరుకు పండిస్తాయి. దూరం పోయే లారీలు, ఆర్టీసీ బస్సులు, షేర్ ఆటోలు, డీసీఎం వ్యాన్లు, క్రషింగ్ సీజన్‌లో చెరుకు ట్రాలీలు ఈ ప్రాంతపు రోడ్ల మీద నిత్యం కనిపిస్తాయి. అవే రోడ్లను పొద్దున, సాయంత్రం పిల్లలు పుస్తకాల సంచులతో దాటాలి.

వాళ్లను దాటించడానికి ఒక పెద్ద మనిషిని నిలబెట్టాలా వద్దా అనే ప్రశ్న ఏ బడి దగ్గరైనా వస్తుంది. ప్రతి బడికీ ఒకరిని పెట్టమనడం తేలికే. కానీ హోంగార్డులు అంతమంది ఉండరు, మున్సిపాలిటీ దగ్గర అంత డబ్బూ ఉండదు. ముందు ఏ బడికి అన్నది ఎవరో ఒకరు తేల్చాలి. పద్ధతి లేనిచోట అది రెండే రకాలుగా తేలుతుంది: పలుకుబడి ఉన్నవాళ్లు అడిగితే, లేదా ఒక బిడ్డ ప్రాణం పోతే. ఈ రెండూ కాని మూడో దారి ఉంది. దానికి కావలసింది ఒక నోటుబుక్కు, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్, అరగంట ఓపిక.

మాసాయిపేట చెప్పిన పాఠం

ఏ దాటు దగ్గర మనిషి ఉండాలన్న నిర్ణయం ఎంత బరువైనదో మన ప్రాంతానికి తెలుసు. 2014 జూలై 24న, జహీరాబాద్ ఇంకా ఉమ్మడి మెదక్ జిల్లాలో ఉన్న రోజుల్లో, అదే జిల్లాలోని మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే క్రాసింగ్‌లో నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజర్ ఒక స్కూల్ బస్సును ఢీకొట్టింది. పొద్దున బడికి బయల్దేరిన పసిపిల్లలు డజనుకు పైగా చనిపోయారు. బస్సు డ్రైవరూ బతకలేదు. అక్కడ గేటు లేదు, గేటు వేసే మనిషీ లేడు.

ఏ క్రాసింగ్‌కు గేటు, కాపలా పెట్టాలో తేల్చడానికి రైల్వేకు ఒక లెక్క ఉండేది. రోజుకు పోయే రైళ్ల సంఖ్యను, పట్టాలు దాటే వాహనాల సంఖ్యతో గుణించేవారు. లారీ అయినా, బస్సు అయినా, ఎడ్లబండి అయినా ఒక యూనిట్. ఆటో అర యూనిట్. వచ్చిన అంకె ఎంత పెద్దదైతే ఆ క్రాసింగ్‌కు అంత ప్రాధాన్యం. అంకెల మీద నడిచే పద్ధతి కాబట్టి పక్షపాతానికి చోటు తక్కువ. అది మంచిదే. లోపం ఎక్కడంటే, నిండా పిల్లలున్న స్కూల్ బస్సు కూడా ఆ లెక్కలో ఒక్క యూనిట్టే. లోపల ఎవరున్నారన్నది లెక్కకు తెలియదు.

కాపలా లేని క్రాసింగ్‌లు ఉండకూడదని రైల్వే భద్రత మీద వేసిన అనిల్ కాకోద్కర్ కమిటీ 2012లోనే చెప్పింది. మొత్తం లెవెల్ క్రాసింగ్‌లనే అయిదేళ్లలో తీసేయమంది. బ్రాడ్‌గేజ్ మార్గాల మీద కాపలా లేనివి పూర్తిగా పోయేసరికి 2019 జనవరి వచ్చింది. ఆ ఆలస్యానికి మూల్యం కట్టిన ఊళ్లలో మాసాయిపేట ఒకటి. కాబట్టి రెండు విషయాలు గుర్తుంచుకుందాం. లెక్క లేకుండా నిర్ణయం చేయకూడదు. లెక్కలోకి రాని పిల్లలను మరిచి కూడా నిర్ణయం చేయకూడదు.

పిల్లవాడి ఎత్తు నుంచి చూస్తే

రెండో తరగతి పిల్లవాడు రోడ్డు అంచున నిలబడ్డాడనుకోండి. వాడి కళ్లు నేల నుంచి ఇంచుమించు మీటరు ఎత్తులో ఉంటాయి. పక్కన ఒక డీసీఎం ఆగి ఉంటే వాడికి రోడ్డు కనపడదు. చూడాలంటే బంపర్ దాటి ముందుకు రావాలి. అంటే రోడ్డు చూసే సమయానికే వాడు రోడ్డు మీద ఉంటాడు. అటునుంచి వచ్చే డ్రైవర్‌కూ వాడు అప్పుడే కనపడతాడు.

కనపడినా, వచ్చే బండి ఎంత వేగంగా వస్తోందో, తన దగ్గరికి ఎన్ని క్షణాల్లో చేరుతుందో చిన్నపిల్లలు సరిగా అంచనా వేయలేరు. తొమ్మిది పదేళ్ల దాకా ఆ నేర్పు పూర్తిగా రాదని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్టీనా సాండెల్స్ 1960ల్లోనే దీన్ని గట్టిగా చెప్పారు: పిల్లవాడిని ట్రాఫిక్‌కు తగ్గట్టు మార్చలేం, ట్రాఫిక్‌నే పిల్లవాడికి తగ్గట్టు మార్చాలి అన్నది ఆమె వాదన సారాంశం. “జాగ్రత్తగా దాటు బిడ్డా” అని ఇంట్లో ఎంత చెప్పినా, వయసు ఇవ్వని నేర్పును మాటలు ఇవ్వలేవు.

అందుకే మొదటి ప్రశ్న పిల్లల వయసు. ప్రాథమిక పాఠశాల పిల్లలు దాటే చోటుకు, హైస్కూలు పిల్లలు దాటే చోటుకు ఒకే కొలత సరిపోదు.

ఖాళీల లెక్క

ఇక అసలు లెక్క. రోడ్డు దాటాలంటే బండికి బండికి మధ్య ఖాళీ కావాలి. ఎంత ఖాళీ?

రెండు లేన్ల రోడ్డు వెడల్పు సుమారు 7 మీటర్లు. చిన్నపిల్లలు గుంపుగా నడిస్తే సెకనుకు మీటరు చొప్పున వేసుకోవచ్చు. అది 7 సెకన్లు. అటూ ఇటూ చూసి అడుగు వేయడానికి ఇంకో 3. మొత్తం 10. పిల్లలు పదిహేను మంది ఉన్నారనుకుంటే, అయిదుగురి చొప్పున మూడు వరుసలవుతాయి. వెనక ఒక్కో వరుసకు 2 సెకన్లు కలపాలి. అంటే 14 సెకన్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఈ 14 సెకన్లలో సుమారు 233 మీటర్లు దాటి వస్తుంది. పిల్లలు అడుగు వేసే క్షణానికి బండి అంత దూరంలో ఉండాలన్నమాట. వేగం 30కి తగ్గితే ఆ దూరం సగమై 117 మీటర్లకు వస్తుంది.

ఇప్పుడు నోటుబుక్కు తీయండి. బడి మొదలయ్యే ముందు అరగంట, వదిలాక అరగంట రోడ్డు పక్కన నిలబడండి. ఒకరు పిల్లలను లెక్కపెట్టాలి, ఒకరు బండ్లను. అయిదేసి నిమిషాలకు ఒక గడి చొప్పున ఆరు గడులు గీసుకుంటే చాలు. రెండు వైపుల బండ్లనూ కలిపి చూస్తూ, 14 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఖాళీ వచ్చినప్పుడల్లా ఒక గీత పెట్టాలి. అమెరికాలో ఇంజనీర్లు వాడే కొలత ఇది: సగటున నిమిషానికి ఒక్క ఖాళీ అయినా రావాలి. అరగంటలో 30 గీతలు పడకపోతే ఆ రోడ్డు పిల్లలకు దారి ఇవ్వడం లేదని అర్థం. ఎంతసేపు నిలబడినా దారి దొరక్కపోతే పిల్లలు ఓపిక పట్టరు, చిన్న సందు చూసుకుని పరుగెడతారు. అక్కడ ఖాళీని ఎవరో ఒకరు కల్పించాలి. దాటించే మనిషి చేసే పని అదే.

బయటి దేశాల గీత ఎక్కడ?

బ్రిటన్‌లో బడి పిల్లలను దాటించేవాళ్ల కోసం 1953లోనే చట్టం చేశారు. ఎక్కడ పెట్టాలో చూడటానికి అక్కడ సులువైన గుణకారం ఉంది. రద్దీగా ఉన్న అరగంటలో దాటిన పిల్లల సంఖ్యను, పోయిన వాహనాల సంఖ్య వర్గంతో గుణిస్తారు. ఫలితం 40 లక్షలు దాటితే మనిషి కావాలి. ఉదాహరణకు 40 మంది పిల్లలు, 320 బండ్లు అనుకుందాం. 320ని 320తో గుణించి, మళ్లీ 40తో గుణిస్తే 40,96,000. గీత దాటింది. నిమిషానికి పదకొండు బండ్లు కూడా లేని రోడ్డు అది. బండ్ల సంఖ్యను వర్గం చేయడంలో అర్థముంది: బండ్లు రెట్టింపైతే ఫలితం నాలుగింతలవుతుంది. రోడ్డు వెడల్పు, వేగం, మలుపులు, పిల్లల వయసును బట్టి ఫలితాన్ని ఇంకా పెంచుతారు.

కాలిఫోర్నియా పద్ధతి వేరు. దగ్గరలో సిగ్నల్ లాంటిదేదీ లేని పట్టణపు దాటు దగ్గర, గంటకు 40 మంది పిల్లలు, 350కి పైగా వాహనాలు ఉండి, రోజులో రెండు గంటలు అలాగే ఉంటే మనిషిని పెట్టవచ్చు. పల్లెల్లో 30 మంది పిల్లలు, 300 వాహనాలు చాలు.

ఈ అంకెలు మనకు యథాతథంగా సరిపోతాయని కాదు. ఆ దేశాల్లో జీబ్రా గీతల దగ్గర బండి ఆగుతుంది. ఇక్కడ కూడా గీతల దగ్గర వేగం తగ్గించి పాదచారికి దారి ఇవ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఎంతమంది ఆగుతున్నారో రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 32 వేలకు పైగా కాలినడకన ఉన్నవాళ్లే. కాబట్టి మన గీత వాళ్ల గీత కన్నా కిందే ఉండాలి.

లెక్కలో కనపడనివాళ్లు

పిల్లలను లెక్కపెట్టినప్పుడు తక్కువ మంది దాటుతున్నారని తేలిందనుకోండి. అంతటితో ఫైలు మూసేయకూడదు. రోడ్డుకు భయపడి తల్లిదండ్రులు పిల్లలను బైకు మీదో, కిక్కిరిసిన ఆటోలోనో పంపుతూ ఉండవచ్చు. చిన్నవాళ్లను అక్కలు, నానమ్మలు చేయి పట్టుకుని దాటిస్తూ ఉండవచ్చు. ఆటోకు డబ్బులేని ఇంటి పిల్లలు మాత్రమే నడిచి దాటుతుంటారు. వాళ్ల సంఖ్య తక్కువే, కానీ ప్రమాదం ఎక్కువ వాళ్లకే. అందుకే రోడ్డు అవతలి వాడల నుంచి బడిలో చేరిన పిల్లలు ఎందరో హాజరు పట్టీ చూసి రాసుకోవాలి. ఆ అంకెకూ, నడిచి దాటే పిల్లల అంకెకూ మధ్య తేడా పెద్దదైతే ఆ రోడ్డు మీద భయం ఉన్నట్టే.

“ఇక్కడ ఇంతవరకు ప్రమాదమే జరగలేదు” అనే మాట కూడా ఇలాంటిదే. జరగలేదంటే క్షేమమని కాదు, ఎవరో ఒకరు రోజూ కాచుకుంటున్నారని కావచ్చు.

లెక్క వేసే రోజు కూడా ముఖ్యం. అంగడి రోజు, మామూలు రోజు రెండూ చూడాలి. చెరుకు నరికే కాలంలో ఒకసారి, మిగతా రోజుల్లో ఒకసారి చూడాలి. ఒంటిపూట బడులప్పుడు వేళలు మారతాయి, రోడ్డు రద్దీ వేరుగా ఉంటుంది.

మనిషి చాలని చోట్లు

నాలుగు లేన్ల హైవే మీద బండ్లు 70, 80 వేగంతో పోయేచోట ఒక మనిషిని బోర్డు ఇచ్చి నిలబెట్టడం పరిష్కారం కాదు. అది ఆ మనిషి ప్రాణం మీదికి తేవడం. 60 వేగంతో ఉన్న కారు ఆగడానికే సుమారు 40 మీటర్లు కావాలి, నిండా సరుకున్న లారీకి ఇంకా ఎక్కువ. 30 వేగంలో ఉంటే కారు 15 మీటర్ల లోపే ఆగుతుంది. జనం, బండ్లు కలిసిపోయే చోట వేగం 30 దాటకూడదని 2020 స్టాక్‌హోమ్ ప్రకటన చెప్పింది ఇందుకే. హైవే మీద అండర్‌పాస్ గానీ, సిగ్నల్ గానీ, వేగాన్ని నిజంగా తగ్గించే ఏర్పాటు గానీ అడగాలి. అవి వచ్చేదాకా బడి బస్సు అయినా ఉండాలి. ఊళ్లోని రోడ్డు మీద ముందు బడి గేటు పక్కన పార్కింగ్ తీసేయించి, గీతలు, స్పీడ్ బ్రేకర్ వేయించి, అప్పటికీ ఖాళీలు చాలకపోతే మనిషిని పెట్టాలి.

ఎవరు నిలబడాలి? పిల్లలకే జెండాలిచ్చి రోడ్డు మీదికి పంపకూడదు. బడి వాచ్‌మన్ చేయి ఎత్తితే ఆగాలని లారీ డ్రైవర్‌ను చట్టం కట్టడి చేయదు. ట్రాఫిక్ నడిపే పోలీసు అధికారి సైగను పాటించాలని మాత్రం మోటారు వాహనాల చట్టం 119వ సెక్షన్ చెబుతోంది. అందుకే పోలీసు శాఖ నుంచి వచ్చిన మనిషి ఉండటం మేలు. హోంగార్డు అయినా సరే, మెరిసే జాకెట్, రెండు వైపులా కనపడే స్టాప్ బోర్డు, కొన్ని రోజుల శిక్షణ తప్పనిసరి. తానే ముందు దిగి, బండ్లు పూర్తిగా ఆగాక పిల్లలను పిలవాలి. చివరి బిడ్డ అవతలి అంచు ఎక్కేదాకా మధ్యలోంచి కదలకూడదు.

అడగవలసిన తలుపులు కూడా తెలిసినవే. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. హైవే అయితే జాతీయ రహదారుల అధికారులు, ఊళ్లో రోడ్డయితే ఆర్ అండ్ బీ లేదా మున్సిపాలిటీ. బడికి దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం లేకుండా చూడటం ప్రభుత్వ బాధ్యత అన్న స్ఫూర్తి 2010 నాటి విద్యాహక్కు నియమాల్లోనే ఉంది. ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. ఈ లెక్క వేసే పని వాళ్లు తలకెత్తుకుంటే దానికి బలం వస్తుంది.

“మా పిల్లలకు భయంగా ఉంది సారూ” అని వెళ్తే అధికారి “చూద్దాం” అంటాడు. అరగంటలో ఎంతమంది పిల్లలు, ఎన్ని బండ్లు, ఎన్ని ఖాళీలు అని తేదీ వేసి రాసిన కాగితం ఇచ్చి రసీదు తీసుకుంటే, అదే అధికారి జవాబు రాయవలసి వస్తుంది. జహీరాబాద్‌లో పిల్లలు రోడ్డు దాటి పోయే ప్రతి బడి దగ్గరా, ఈ నెలలోనే, ఇద్దరు తల్లిదండ్రులు ఒక పొద్దున అరగంట, ఒక సాయంత్రం అరగంట నిలబడి ఈ కాగితం తయారు చేయండి. ప్రమాదం జరిగాక అందరూ అడుగుతారు. అంతకు ముందే అడిగే అధికారాన్ని ఈ లెక్క మీకు ఇస్తుంది.