ఆల్బుమిన్ తగ్గిందని అప్పు చేయాలా?

క్యాన్సర్ ముదిరి ఐసీయూలో ఉన్నవారి రక్తపరీక్ష కాగితం పట్టుకొని, "అమ్మకు ఆల్బుమిన్ రెండే ఉందట. ఆ బాటిళ్ళు ఎక్కించండి డాక్టరుగారూ, కొబ్బరితోట తాకట్టు పెట్టయినా డబ్బు తెస్తాం" అని బంధువులు మమ్మల్ని బతిమాలుతుంటారు. తోట కాగితాలు బయటకు తీసేముందు ఈ నాలుగు మాటలు చదవండి.

ఆల్బుమిన్ మన కాలేయం తయారుచేసే ఒక మాంసకృత్తు, అంటే ప్రొటీన్. పరీక్షలో ఇది సాధారణంగా 3.5 నుంచి 5 గ్రాముల వరకు ఉంటుంది. రక్తనాళాల్లోని నీటిని బయటకు పోకుండా పట్టి ఉంచేది ఇదే. ఇది బాగా తగ్గితే కాళ్ళు వాస్తాయి, పొట్టలో నీరు చేరవచ్చు.

ఎందుకు తగ్గుతుంది? తిండి తగ్గడం ఒక కారణం మాత్రమే. క్యాన్సర్, ఇన్ఫెక్షన్ తీవ్రమైనప్పుడు కాలేయం ఆల్బుమిన్ తయారీని తగ్గించేస్తుంది. రక్తనాళాల గోడలు కూడా కారడం మొదలుపెడతాయి. గండి పూడ్చకుండా కాలువకు ఎంత నీరు వదిలినా చేల మీదికే పోతుంది కదా! బాటిల్‌లో ఎక్కించిన ఆల్బుమిన్ సంగతీ చాలావరకు అంతే.

ఇటలీలో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో ఐసీయూలో ఉన్న 1,800 మందికి పైగా రోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. కొందరికి ఆల్బుమిన్ 3 గ్రాములకు తగ్గకుండా ఎక్కించారు, మిగిలినవారికి ఎక్కించలేదు. బతికి బయటపడినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే కాలేయ వ్యాధిలో పొట్టనుంచి ఎక్కువ నీరు తీసినప్పుడు వంటి కొన్ని సందర్భాల్లో అది నిజంగా అవసరమే.

మరి మనం చేయగలిగిందేమిటి? పథ్యం పేరుతో గుడ్డు, చేప, పప్పు మాన్పించకండి. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. మనం ప్రేమగా పట్టుకెళ్ళే కొబ్బరిబోండాంలో దాదాపు ఏమీ ఉండవు. పైగా కిడ్నీలు దెబ్బతిన్నవారికి అందులోని పొటాషియం ప్రమాదం. నోటితో తినలేనివారికి ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తారు, భయపడకండి. తిన్నంత మాత్రాన రెండు రోజుల్లో ఆ అంకె పెరగదు. జబ్బు తగ్గుముఖం పడితేనే అదీ నెమ్మదిగా పెరుగుతుంది.

కొందరిలో పెరగకపోవచ్చు కూడా. అందుకే "ఈ బాటిల్ దేనికోసం? దీనివల్ల అమ్మకు ఏం మేలు?" అని డాక్టరును సూటిగా అడగండి. అలా అడగడం తప్పు కాదు, మీ హక్కు.