పోయినవారి పేరు మీద పరుగు

ముండ్లమూరు: దర్శి, అద్దంకి ప్రాంతాల్లో పండుగలకు, తిరునాళ్ళకు ఎడ్ల బండలాగుడు పోటీలు జరగడం మామూలే. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగిందో కొలిచి బహుమతులు ఇస్తారు. ఆ బహుమతుల్లో చాలా భాగం ఎవరో ఒకరి జ్ఞాపకార్థం ఇచ్చినవే. తండ్రి పేరున కొడుకు, భార్య పేరున భర్త, అన్న పేరున తమ్ముడు డబ్బు ఇస్తారు. మైకులో ఆ పేరు చదువుతుంటే ఇంటివారు కళ్ళు తుడుచుకుంటారు. పోయినవారిని ఊరంతా తలుచుకునే మంచి ఆచారమిది.

అయితే ఆ మనిషిని తీసుకుపోయిన జబ్బు మాత్రం ఊళ్ళోనే ఉంటుంది. మరుసటి ఏడు మరో గడప తొక్కుతుంది. ఆ జబ్బు మీదికే డబ్బు పంపితే ఎలా ఉంటుందన్న ఆలోచన కెనడా దేశంలో ఒక పెద్ద పరుగుగా మారింది.

ఒంటి కాలితో 5,373 కిలోమీటర్లు

టెర్రీ ఫాక్స్ అనే కుర్రవాడికి 1976లో కారు ప్రమాదంలో కుడి మోకాలికి దెబ్బ తగిలింది. తర్వాత నొప్పి వస్తే పాత దెబ్బే అనుకున్నాడు. 1977 మార్చిలో పరీక్ష చేయిస్తే ఎముక క్యాన్సర్ అని తేలింది. మోకాలి పైవరకు కాలు తీసేశారు. అప్పటికతని వయస్సు 18 ఏళ్ళు. బతికే అవకాశం నూటికి 50 పాళ్ళు ఉందని, రెండేళ్ళ ముందైతే 15 పాళ్ళే ఉండేదని వైద్యులు చెప్పారు. పరిశోధనకు డబ్బు పెడితే ప్రాణాలు నిలుస్తాయని ఆ మాటతో అతనికి అర్థమైంది.

1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో దేశానికి తూర్పు కొసనున్న సముద్రపు ఒడ్డు నుంచి పరుగు మొదలుపెట్టాడు. రోజుకు సుమారు 42 కిలోమీటర్లు పరుగెత్తి, దారి పొడుగునా చందాలు పోగుచేశాడు. 143 రోజుల తర్వాత, సెప్టెంబరు 1న జబ్బు ఊపిరితిత్తులకు పాకిందని తెలిసి ఆగిపోయాడు. 1981 జూన్ 28న కన్నుమూశాడు. మరో నెల బతికితే 23 ఏళ్ళు నిండేవి.

కొడుకును పోగొట్టుకున్న తండ్రి

టెర్రీ పరుగు ఆగినప్పుడు ఇసడోర్ షార్ప్ అనే హోటళ్ళ యజమాని ముందుకొచ్చాడు. ఏటా అతని పేరున పరుగు జరిపిస్తానని మాట ఇచ్చాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1978లో, షార్ప్ కొడుకు కూడా క్యాన్సర్‌తోనే చనిపోయాడు. మొదటి పరుగు 1981 సెప్టెంబరులో జరిగితే మూడు లక్షల మంది పాల్గొన్నారు. 35 లక్షల డాలర్లు వచ్చాయి.

ఈ పరుగులో గెలుపు ఓటములు లేవు. పరుగెత్తలేనివారు నడవవచ్చు. సైకిల్ మీదో, చక్రాల కుర్చీలోనో కూడా వెళ్ళవచ్చు. టెర్రీ పేరును ఏ సరుకు అమ్మకానికీ వాడుకోనివ్వలేదు. తల్లి బెట్టీ ఫాక్స్ 2011లో చనిపోయేదాకా బడులు తిరిగి పిల్లలకు కొడుకు కథ చెప్పింది. ఇంతవరకు 80 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. మన పొరుగున చెన్నైలోనూ ఈ పరుగు జరిగింది.

అమెరికాలో సుసాన్ కోమెన్ అనే ఆమె రొమ్ము క్యాన్సర్‌తో 36 ఏళ్ళకే, 1980లో చనిపోయింది. ఈ జబ్బు అంతు చూస్తానని అక్కకు మాట ఇచ్చిన చెల్లెలు నాన్సీ 1982లో సంస్థ పెట్టింది. 1983లో డాలస్ నగరంలో తొలి పరుగు పెడితే 800 మంది వచ్చారు. మరుసటి ఏడు నాన్సీకే అదే జబ్బు వచ్చింది. వైద్యంతో బయటపడింది.

తెలుగునాట పరుగు రూపంలో కాకపోయినా ఇలాంటి తలంపుతోనే ఎన్టీ రామారావు క్యాన్సర్‌తో పోయిన తన భార్య బసవతారకం పేరున ఆసుపత్రికి సంకల్పించారు. 2000 జూన్ 22న ప్రధాని వాజపేయి హైదరాబాదులో దాన్ని ప్రారంభించారు.

మన ఊళ్ళో పెట్టాలంటే

ఇందుకు లక్షలు అక్కరలేదు. ఉదయం పూట ఊరి బడి నుంచి పక్క ఊరిదాకా నాలుగైదు కిలోమీటర్ల దారి, మంచినీళ్ళ కుండలు, ఒక వైద్యుడు, రోడ్డు మీద లారీలను చూసుకోవడానికి పోలీసులకు ముందుగా ఒక మాట చాలు. చలికాలమైతే పెద్దవాళ్ళు కూడా నడుస్తారు.

అసలు చూసుకోవలసింది డబ్బు సంగతి. పరుగుకు ముందే ఆ సొమ్ము దేనికో చెప్పాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం వల్ల పేదలకు పెద్ద వైద్యం అందుతున్నా, దూరపు ఆసుపత్రికి రానుపోను చార్జీలు, తోడు వెళ్ళినవారి తిండి, పోయిన కూలి ఇంటివారి మీదే పడతాయి. చార్జీలకు డబ్బు లేక మధ్యలో వైద్యం మానుకునే ఇల్లు ఒక్కటి నిలబడినా ఆ పరుగు పెట్టినందుకు ఫలితం దక్కినట్లే. ప్రతి రూపాయికి రశీదు ఇచ్చి, జమాఖర్చులు పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. లెక్క తేలకపోతే చెడిపోయేది నిర్వాహకుల పేరు ఒక్కటే కాదు, పోయినవారి పేరు కూడా.

అదే రోజు మైకులో మరో మాట చెప్పవచ్చు. రొమ్ములో గడ్డ తగిలినా, నోటిలో పుండు మూడు వారాలకు మానకపోయినా, కుర్రవాళ్ళకు మోకాలి నొప్పి వారాల తరబడి తగ్గకుండా రాత్రిపూట ఎక్కువైనా నాటు కట్లతో సరిపెట్టకుండా వైద్యునికి చూపించాలి. ముందుగా కనిపెడితే చాలా క్యాన్సర్లు నయమవుతాయి.

బండలాగుడు పోటీలు మానుకోవలసిన పని లేదు. ఆ తిరునాళ్ళ ఉదయమే, ఎడ్లు బరిలోకి దిగకముందే, అదే పేరు మీద ఊరు ఒక గంట నడవవచ్చు.