కిన్నెర విన్న చెవికి ఇయర్‌ఫోను

పాలమూరు (మహబూబ్‌నగర్) సీమలో, నల్లమల అడవి అంచున, లింగాల మండలమున అవుసలికుంట అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామవాసియైన దర్శనం మొగులయ్య, పెద్దల నుండి సంక్రమించిన పన్నెండు మెట్ల కిన్నెరను భుజమున మోసికొని, ఊరూర తిరిగి పాలమూరు ప్రజావీరుడు పండుగ సాయన్న కథను పాడుచు బ్రదికినవాడు. 2021లో భీమ్లా నాయక్ చిత్రమునకు సంగీత దర్శకుడు తమన్ కూర్చిన పాట ఆరంభమునకు తన గొంతును ఒసగి, 2022లో పద్మశ్రీ పురస్కారమునకు పాత్రుడైనాడు. అంతకు మునుపు కిన్నెర పేరైనను ఎరుగని అసంఖ్యాక జనులు ఆ కళాకారుని తొలిసారి వినినది ఏ ఊరి రచ్చబండ దగ్గరనో కాదు, సెల్‌ఫోనుకు తగిలించిన ఇయర్‌ఫోనులో.

వినినారు గాని, ఎంత వినినారు? వెదురు బొంగు క్రింద సొరకాయ బుర్రలు మూడు వరుసగా కట్టబడి, తేనెమైనముతో అతికించిన మెట్లపై వ్రేలు ఆనగా తీగె మీటబడినప్పుడు, మొదట ఆ మీటు యొక్క చిన్న దెబ్బ, వెనువెంటనే స్వరము, ఆ స్వరము సన్నగిల్లకముందే బుర్రలలో పుట్టిన జుమ్మను మ్రోత, ఈ మూడును వేరువేరుగా తెలియుచు కలిసి వినవచ్చినప్పుడే అది కిన్నెర. నాసిరకపు ఇయర్‌ఫోనులో మొదటిది మొద్దుబారును. మూడవది బేసు హోరులో మునిగిపోవును. నడుమనున్న స్వరము మాత్రము మిగిలి, అది ఏ తీగెవాద్యమైనను కావచ్చునను భ్రాంతి కలుగును.

ఇయర్‌ఫోను కొనబోవువారు సాధారణముగా ధర అడుగుదురు, కంపెనీ పేరు అడుగుదురు, పెట్టెపై అచ్చువేసిన అంకెలు చదువుదురు. వీటన్నిటికంటె ముందు, తమ చెవి ప్రత్యక్షముగా ఎరిగిన ధ్వని ఏదియో తేల్చుకొనుట మేలని నా దృఢమైన అభిప్రాయము. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో పుట్టినవారికి ఈ విషయమున గొప్ప సంపద కలదు. డప్పును వారు దూరదర్శనములో కాదు, పది అడుగుల దూరమున వినినవారు. గడ్డిమంటపై కాచి చర్మమును బిగించిన తరువాత, ఒక చేతిలోని సిర్ర అను పొట్టికర్ర దెబ్బకు కడుపులో గుబగుబలాడించు గంభీరధ్వనియు, రెండవ చేతి సిటికెన పుల్లకు పెళుసైన చిటపటయు పుట్టుననియు, ఈ రెండింటి పొందికయే దరువనియు వారికి ఎవరును నేర్పనక్కరలేదు. మంచి ఇయర్‌ఫోనులో సిర్ర సిర్రగను, పుల్ల పుల్లగను వినిపించవలెను. గంభీరధ్వని మాత్రమే ఉప్పొంగి, పుల్ల చప్పుడు దాని వెనుక దాగినచో, ఆ పరికరము ఎంత వెలగలదైనను డప్పును ఎరుగదని చెప్పవలసినదే. అట్లే మానవ కంఠమునకు ప్రజాకవి గోరటి వెంకన్న పాటను తీసికొనవచ్చును. గౌరారమున పుట్టి సభలలో గజ్జె కట్టి పాడిన ఆ గొంతును మైకులేని తావున వినినవారు పాలమూరులో ఇంకను ఎందరో కలరు. అట్టి శ్రోతకు ఏ నిపుణుని సలహాయు అవసరము లేదు.

ఇక పరికరము లోపలి సంగతి. ధ్వనిని పుట్టించు పద్ధతులు ముఖ్యముగా రెండు. అయస్కాంతము నడుమ సన్నని తీగెచుట్ట, దానికి అతుకబడిన పలుచని పొర, విద్యుత్తు మారినకొలది ఆ పొర ముందువెనుకలకు ఊగుట, ఇది లౌడ్‌స్పీకరు సూత్రమే. దీనిని డైనమిక్ డ్రైవరందురు. పొర వ్యాసము తరచుగా పది మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండును. రెండవది బ్యాలెన్స్‌డ్ ఆర్మేచరు: అయస్కాంతముల నడుమ సమతూకముగ నిలిచిన అతిచిన్న లోహపురేకు కంపించి, ఆ కంపమును ఒక సూది ద్వారా పొరకు అందించును. దీని సూక్ష్మరూపము సంగీతము కొరకు గాక, వినికిడి తగ్గినవారి యంత్రముల కొరకు రూపుదిద్దుకొన్నది. అమెరికాలో 1946లో ఆరంభమైన నోల్స్ సంస్థ వినికిడి యంత్రములలోని ఇట్టి సూక్ష్మభాగములకు ప్రసిద్ధికెక్కినది. ఆ సంస్థకు చెందిన పరిశోధనాలయమున పనిచేసిన మీడ్ కిలియన్ 1983లో ఎటిమోటిక్ రీసెర్చ్‌ను స్థాపించి, 1991లో ఈఆర్-4 అను ఇయర్‌ఫోనును వెలువరించినాడు. చెవిలోనికి లోతుగా చొచ్చి, బయటి సద్దును మూసి, మెల్లని ధ్వనిలోనే సమస్తమును వినిపించు ఇయర్‌ఫోన్లకు అది ఆదిపురుషుని వంటిది. 1995లో వాన్ హేలెన్ అను రాక్ సంగీత బృందపు శబ్దనిపుణుడు జెర్రీ హార్వీ, ఆ బృందమున డ్రమ్ములు వాయించు అలెక్స్ వాన్ హేలెన్ కొరకు, వేదికపై చెవిలో ధరించుటకు వీలగు పరికరమును తయారుచేసినాడు. నేడు బజారులో ఇన్-ఇయర్ మానిటర్లను పేరుతో అమ్ముడగు సరకులో చాలభాగము ఆ వంశములోనిదే. ఒక్కొక్క చెవికి నాలుగు డ్రైవర్లు, ఎనిమిది డ్రైవర్లు అని గొప్పగా ప్రకటించువారు కలరు. సంఖ్య నాణ్యత కాదు. చక్కగా శ్రుతిచేయబడిన ఒకే ఒక డైనమిక్ డ్రైవరు, పొందిక కుదరని ఎనిమిదింటికంటె కిన్నెరను మరింత నిజముగా పలికించును.

ఈ శ్రుతిచేయుట ఎందులకు కష్టమో తెలిసికొనుట అవసరము. మన చెవి రంధ్రము కర్ణభేరి వరకు రమారమి రెండున్నర సెంటీమీటర్ల పొడవు గల గొట్టము. ఒక కొన తెరచి, మరొక కొన మూసియున్న ప్రతి గొట్టమునకును సహజమైన అనునాదము ఉండును గావున, 3,000 హెర్ట్జుల ప్రాంతపు ధ్వనులను అది తనంతట తానే పెంచి లోనికి పంపును. పుట్టిననాటి నుండి మన మెదడు ఆ పెంపుదలనే సహజమని గ్రహించినది. ఇయర్‌ఫోను పెట్టి గొట్టపు నోరు మూసినంతనే ఆ సహజ అనునాదము చెదరును. పోయిన దానిని పరికరమే తిరిగి ఈయవలెను. తక్కువ ఇచ్చిన మాటలు మూటకట్టినట్లు మందగించును, ఎక్కువ ఇచ్చిన 'స', 'శ'లు సూదులై గ్రుచ్చుకొనును. ధ్వనిపరికరములు చేయు హర్మన్ సంస్థలో షాన్ ఆలివ్ మున్నగు పరిశోధకులు పలువురు శ్రోతలకు వినిపించి, అధికులకు నచ్చు రీతిని ఒక లక్ష్యరేఖగా గీసినారు. నేటి తయారీదారులు అనేకులు దానినే మేలుబంతిగా పెట్టుకొనుచున్నారు. అది మంచి ఆరంభమే గాని, చెవులు ఒక్కతీరున ఉండవు గనుక అంతిమ తీర్పు కాజాలదు. పెట్టెపై "20 నుండి 20,000 హెర్ట్జులు" అని వ్రాసియుండుట వలన ఏమియు తేలదు. ఏ ధ్వని ఎంత పాళ్ళలో వచ్చునో ఆ అంకెలు చెప్పవు గదా.

ఇంత శాస్త్రమును ఒక చిన్న రబ్బరు తొడుగు వమ్ము చేయగలదు. ఇయర్‌ఫోను మొనకు తగిలించు సిలికోను తొడుగులు, పెట్టెలో చిన్నవి, మధ్యరకపువి, పెద్దవి అని మూడు జతలు వచ్చును. కొన్నవారిలో చాలమంది మధ్యరకపు జతను తీయనైన తీయక, బేసు లేదని పరికరమునే నిందించి, మరింత వెలపెట్టి మరొకటి కొందురు. తూము సరిగా మూయని చెరువులో నీరు నిలువనట్లు, తొడుగునకును చెవి గోడకును నడుమ వెండ్రుకవాసి సందున్నను మంద్రధ్వని అంతయు బయటికి జారిపోవును. కావున తొడుగుల పరీక్షకు ఒక సాయంకాలము వెచ్చింపవలెను. ఒక చెవికి మధ్యరకము, మరొక చెవికి చిన్నది కుదురుట వింత కాదు. మనిషి చెవులు రెండును సరిసమానముగా ఉండుట అరుదు. పెట్టుకొను విధానము కూడ నేర్వదగినది: కుడిచెవికి పెట్టునప్పుడు ఎడమచేతిని తల వెనుకగా చాచి, చెవి పైభాగమును పట్టి కొంచెము మీదికిని వెనుకకును లాగినచో వంకరగానున్న రంధ్రము తిన్ననగును; అప్పుడు ఇయర్‌ఫోనును మెల్లగా లోనికి పోనిచ్చి చెవిని వదలవలెను. ఫోము తొడుగులైనచో వ్రేళ్ళ నడుమ నలిపి సన్నగా చేసి, లోపల పెట్టి, అవి ఉబ్బి చెవి నిండువరకు అర నిమిషము వ్రేలితో ఆనించి ఉంచవలెను. తీగెను చెవి మీదుగా వెనుకకు త్రిప్పుకొనునట్టి రకములలో, తీగె చొక్కాకు రాసికొను గరగర ధ్వని చాలవరకు తగ్గును. ఇవన్నియు అయిన పిదప డప్పు పాట పెట్టి, సిర్ర దెబ్బ రెండు చెవులలోను సమముగా నడిమికి వచ్చుచున్నదా అని చూడవలెను. ఒక ప్రక్కకు ఒరిగినట్లు తోచిన, ఆ రెండవ ప్రక్క తొడుగు ఇంకను కుదరలేదని అర్థము.

రెండు ఇయర్‌ఫోన్లను పోల్చునప్పుడు జరుగు మోసమొకటి కలదు. కొంచెము బిగ్గరగా వినిపించునదే చెవికి మేలైనదిగా తోచును. ఫ్లెచర్, మన్‌సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే చూపినట్లు, ధ్వని తగ్గినకొలది మన చెవి మంద్రస్వరములను మరింత తక్కువగా గ్రహించును. కావున ఒక పరికరము బిగ్గరగా, మరొకటి మెల్లగా మ్రోగుచుండగా చేసిన పోలిక పోలికయే కాదు. రెండింటిని కంఠధ్వని ఒక్క మట్టమునకు వచ్చువరకు సరిచేసి, పిదప వినవలెను. వైరు మేలా, బ్లూటూతు మేలా అను వివాదమునకు నేను ఎక్కువ చోటీయను: తక్కువ వెలలో శ్రుతి బాగుగా కావలెనన్న వైరు, పనిపాటలలో సౌకర్యము కావలెనన్న బ్లూటూతు. 3.5 మిల్లీమీటర్ల రంధ్రము లేని ఫోన్లకు టైప్-సి మొనతో, ఫోనులోని అంకెల రూపపు ధ్వనిని ఇయర్‌ఫోనుకు తగిన విద్యుత్ సంకేతముగా మార్చు చిన్న డాక్ దొరకును, అది చాలును.

కొన్న తొలి దినములలో చాలమందికి నిరాశ కలుగును. బేసు దట్టించిన పాత ఇయర్‌ఫోనుకు అలవాటుపడిన చెవికి కొత్తది పలుచగా, చప్పగా తోచును. తన మాట తనకే బుర్రలో మ్రోగును; నడచిన అడుగు, నమలిన ముద్ద పెద్దగా వినవచ్చును. ఎముకల ద్వారా వచ్చు ఆ ధ్వనికి బయటికి పోవు దారి మూసికొనిపోవుటయే ఇందులకు కారణము. పరికరము చెడిపోయినదని భయపడనక్కరలేదు. పాట ఎదుటి నుండి గాక తల నడుమ నుండి పుట్టినట్లు ఉండుట కూడ తొలుత వింతగొల్పును, ముఖ్యముగా ఒకే మార్గమున (మోనో) ముద్రించిన పాత పాటలలో. నూరు గంటలు మ్రోగించిన పిదప పరికరము పదునెక్కునని దుకాణదారులు చెప్పుదురు. నిజమునకు ఎక్కువగా మారునది పరికరము కాదు, వినువాని మెదడు. కావున ఒకటి రెండు వారములు పాతదానిని ప్రక్కనబెట్టి, దినమునకు కొంతసేపు కొత్తదానినే, ఎరిగిన పాటలతోనే వినుచుండవలెను. అటుపిమ్మట పాతదానిని ఒకమారు పెట్టుకొన్నచో, అందులో కంఠముపై కప్పబడియున్న దుప్పటి ఇట్టే తెలియవచ్చును. అప్పటికిని కొత్తది చెవికి గ్రుచ్చుకొనుచునే ఉన్నచో అది ఆ చెవికి తగినది కాదు. దానిని మార్చుకొనుటలో సంకోచింపరాదు.

మంచి ఇయర్‌ఫోను వలన కలుగు మహోపకారము మెల్లగా వినగలుగుట. నల్లగొండలో పల్లెవెలుగు బస్సెక్కి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా మహబూబ్‌నగర్ చేరువరకు, కిటికీ అద్దముల గలగలయు ఇంజను రొదయు దాటి పాట వినబడవలెనని యువకులు ధ్వనిని చివరి గీత వరకు పెంచుచుందురు. చక్కగా అమరిన ఫోము తొడుగు ఇరువది డెసిబెల్లకు పైగా బయటి రొదను ఆపును. అప్పుడు సగము ధ్వనియే సమృద్ధిగా వినబడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మేర పెద్దలకు 80 డెసిబెల్లు వారమునకు 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్లు 40 గంటలు; మూడు డెసిబెల్లు పెరిగిన ప్రతిసారియు కాలము సగమగును. 80 దగ్గర 40 గంటలు వినదగినవాడు 89 దగ్గర అయిదు గంటలకే ఆగవలెను. లోపలి చెవిలో ధ్వనిని పట్టు రోమకణములు ఒక్కొక్క చెవికి రమారమి పదునైదు వేలు మాత్రమే. ఒకమారు చచ్చినవి మరల మొలవవు. విన్న తరువాత చెవిలో హోరు నిలిచినచో అది ఆ కణముల మొర. ఇక బండి నడుపుచు రెండు చెవులు మూసికొనుట ప్రాణములతో చెలగాటము; చెవిలో చీము, నొప్పి ఉన్నప్పుడు ఇయర్‌ఫోను ముట్టరాదు. తొడుగులను అప్పుడప్పుడు ఊడదీసి సబ్బునీట కడిగి, పూర్తిగా ఆరిన పిదపనే తగిలింపవలెను. మొననున్న సన్నని జాలీలో గులిమి పేరుకొన్నచో ఒక ప్రక్క ధ్వని తగ్గును, దానిని పొడి మెత్తని కుంచెతో, మొన క్రిందికి వంచి తుడువవలెను.

ఒక కోరిక మాత్రము మిగిలియున్నది. నల్లగొండ ప్రకాశం బజారులోను, మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ పరిసరములలోను సెల్‌ఫోన్ల దుకాణములు ఎన్నియో ఉన్నను, ఇయర్‌ఫోను పెట్టె తెరచి వినిపించి అమ్ము అలవాటు అరుదు. దుకాణమునకు రెండు మూడు నమూనాలు, కొనుగోలుదారు ఒక్కొక్కరికి కొత్త తొడుగుల జత, తుడుచుటకు స్పిరిటు దూది, ఒక నిశ్శబ్దమైన మూల, ఇంతకంటె పెట్టుబడి అక్కరలేదు. ఆ నమూనాలలో వినిపించుటకు సినిమా పాటలతో పాటు ఒక డప్పు దరువు, ఒక కిన్నెర పాట ఉంచినచో, దేవరకొండ నుండియో అచ్చంపేట నుండియో వచ్చిన రైతుబిడ్డ ఎవరి మాటయు నమ్మనవసరము లేకుండ, తన చెవితోనే బేరమాడి కొనగలడు.