జకార్డు అట్ట నుంచి సెల్‌ఫోను తెర వరకు
మళ్లీ మళ్లీ వాడుకొనే విడిభాగాలతో యాప్‌లు ఎలా తయారవుతాయి?

షోలాపూర్ నగరపు తూర్పు పేటలలో మగ్గాల చప్పుడు తరతరాలుగా వినిపిస్తున్నది. 1877లో ఆ ఊరిలో మొదటి నూలు మిల్లు వెలసిన తరువాత తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు పెద్ద సంఖ్యలో అక్కడికి వలస వెళ్లాయి. అశోక్ చౌక్, సాఖర్ పేట, భద్రావతి పేట ప్రాంతాలలో నేటికీ ఇంటి లోపల తెలుగు, గడప దాటితే మరాఠీ వినిపిస్తాయి. మన పల్లెలలో షోలాపూర్ దుప్పటిగా పేరు పొందిన ఆ ఊరి చాదరుకు 2005లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఇప్పుడు ఆ ఇళ్లలో మగ్గంతో పాటు సెల్‌ఫోను కూడా నిత్యావసరమైనది. కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు, పిల్లల ఉపకార వేతనపు దరఖాస్తు, బ్యాంకు ఖాతా, అన్నీ ఆ చిన్న తెర మీదనే జరుగుతున్నాయి. ఆ తెరను ఎవరు, ఎలా తయారు చేస్తారన్న ప్రశ్న మాత్రం చాలామందికి తట్టదు. చాదరు మీద పువ్వు ఎలా పడుతుందో తెలిసిన కుటుంబాలకు ఈ సంగతి అర్థం కావడం కష్టం కాదు. రెండింటి వెనుక ఉన్న ఆలోచన దాదాపు ఒక్కటే.

అట్టలు చేసే పని

ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డు 1804లో తన పేరు మీద ప్రసిద్ధమైన యంత్రాన్ని రూపొందించాడు. మగ్గం పైన అమర్చే ఈ యంత్రానికి చిల్లులు పొడిచిన అట్టలు గొలుసుగా కుట్టి తగిలిస్తారు. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేక వరుసకు ఆజ్ఞ. చిల్లు ఉన్నచోట కొక్కెం పడుగు దారాన్ని పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట దారం కిందనే ఉంటుంది. నాడె ఆ సందులో నుంచి దూసుకుపోతుంది. గొలుసు ఒక చుట్టు తిరిగేసరికి ఒక పువ్వు పూర్తవుతుంది. మళ్లీ తిరిగితే అదే పువ్వు మళ్లీ పడుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయాలు రెండు. మొదటిది, పువ్వును ఒక్కసారి మాత్రమే ఆలోచించి, గీసి, చిల్లులు పొడుస్తారు. ఆ తరువాత ఎన్ని చాదర్లకైనా అవే అట్టలు చాలు. రెండవది, అట్టలు మార్చకుండానే నూలు రంగు మార్చవచ్చు. ఎరుపు నూలు ఎక్కిస్తే ఎర్ర పువ్వు, ఆకుపచ్చ ఎక్కిస్తే ఆకుపచ్చ పువ్వు. ఆకారం ఒక్కటే, అలంకరణ వేరు. ఇంగ్లండు దేశస్థుడైన చార్లెస్ బాబేజి 1830లలో ఊహించిన లెక్కల యంత్రానికి ఇటువంటి చిల్లుల అట్టలనే వాడదలచాడు. కంప్యూటరు చరిత్రలో మగ్గానికి చోటు దక్కడానికి కారణమిదే.

విడిభాగం అంటే ఏమిటి?

ఫోను తెర మీద కనిపించే బటను, పేరు రాసే గడి, తేదీ ఎంచుకొనే పట్టిక, టిక్కు పెట్టే చిన్న చతురస్రం, జాబితాలోని ఒక వరుస, ఇవన్నీ విడివిడి భాగాలు. సాఫ్ట్‌వేరు రంగంలో వీటిని కాంపోనెంట్లు అంటారు. తెలుగులో విడిభాగాలు అనుకొంటే సరిపోతుంది. ఒక్కసారి తయారు చేసి ఎన్ని తెరలలోనైనా వాడుకోగలగడమే వీటి ప్రత్యేకత.

వాట్సాప్ తెరిస్తే మొదట కనిపించే జాబితాను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక్కొక్క వరుసలో ఒక బొమ్మ, ఒక పేరు, చివరి మాట, సమయం ఉంటాయి. జాబితాలో రెండు వందల మంది ఉన్నంత మాత్రాన తయారుచేసేవారు రెండు వందల వరుసలను వేర్వేరుగా రాయనవసరం లేదు. వరుస అనే భాగాన్ని ఒక్కసారి రాసి, పేరు, బొమ్మ, మాట, సమయం అనే నాలుగు ఖాళీలు ఉంచితే చాలు. ఏ మనిషి వివరాలు అందిస్తే ఆ వరుస తయారవుతుంది. అట్టలు అవే, నూలు వేరు అన్నమాట. బయటి నుంచి అందించే ఈ వివరాలను ఆ భాగపు గుణాలు అనవచ్చు.

గుణాలతో పాటు స్థితి అనేది కూడా ఉంటుంది. టిక్కు చతురస్రం ఇప్పుడు ఖాళీగా ఉన్నదా, నిండి ఉన్నదా? బటను నొక్కదగినదా, లేక అవసరమైన గడులు నింపేవరకు బూడిద రంగులో నిద్రపోతున్నదా? ఇది ఆ భాగం తనంతట తాను గుర్తుంచుకొనే సంగతి. వేలు తగిలినప్పుడు స్థితి మారుతుంది, దానికి తగినట్లు రూపం మారుతుంది.

చిన్న భాగాలు కలిసి పెద్ద భాగాలవుతాయి. గడి, దాని పైన శీర్షిక, కింద తప్పును తెలిపే ఎర్ర అక్షరాల వాక్యం, ఈ మూడూ కలిస్తే ఒక ప్రశ్న. పది ప్రశ్నలు, ఒక బటను కలిస్తే ఒక దరఖాస్తు. కొన్ని తెరలు కలిస్తే ఒక యాప్.

కూలి లెక్కల యాప్

ఒక మరమగ్గాల కార్ఖానా తన కార్మికులకు వారపు కూలి లెక్క చూపే యాప్ చేయించుకొంటున్నదని ఊహిద్దాం. ఎన్ని చాదర్లు నేశారు, ఒక్కోదానికి ధర ఎంత, అడ్వాన్సు ఎంత మినహాయించారు, చేతికి ఎంత వస్తుంది, ఇవి చూపాలి. ఇందులో రూపాయల మొత్తం నాలుగు తెరలలో, ఒక్కొక్క తెరలో అయిదు చోట్ల కనిపిస్తుందనుకొంటే మొత్తం ఇరవై చోట్లు.

విడిభాగాలు లేకుండా రాస్తే ఆ ఇరవై చోట్లా వేర్వేరుగా రాయాలి. అప్పుడు ఒకచోట 1,25,000 అని, మరొకచోట పాశ్చాత్య పద్ధతిలో 125,000 అని పడే ప్రమాదం ఉన్నది. లక్షల లెక్కకు అలవాటుపడిన కంటికి రెండవది తికమక కలిగిస్తుంది. అదే మొత్తం అనే విడిభాగాన్ని ఒక్కసారి సరిగ్గా రాస్తే ఇరవై చోట్లా ఒకే తీరుగా కనిపిస్తుంది. రేపు అక్షరాలు పెద్దవి చేయాలన్నా ఒక్కచోట మారిస్తే చాలు. పని తగ్గుతుంది, పొరపాట్లు తగ్గుతాయి, చూసేవారికి తెరలన్నీ ఒకే ఇంటివిగా అనిపిస్తాయి.

ఆలోచన పాతది, పనిముట్లు కొత్తవి

యంత్రాల విడిభాగాల వలె సాఫ్ట్‌వేరు భాగాలను కూడా తయారుచేసి ఉంచుకోవాలని డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సదస్సులో ప్రతిపాదించాడు. సెల్‌ఫోన్లకు ఆ అవసరం మరింత పెరిగింది. ఐఫోను 2007లో, ఆండ్రాయిడ్ ఫోను 2008లో మార్కెట్టులోకి వచ్చాయి. రెండింటికీ వేర్వేరు భాషలలో వేర్వేరుగా రాయవలసి రావడంతో ఒకే పని రెండుసార్లు చేయవలసి వచ్చేది.

ఫేస్‌బుక్ సంస్థ 2013లో రియాక్ట్ అనే పనిముట్టును అందరికీ ఉచితంగా విడుదల చేసింది. మొత్తం తెరను భాగాల కూర్పుగా చూడడమే దాని పద్ధతి. 2015లో వచ్చిన రియాక్ట్ నేటివ్ అదే పద్ధతిని ఫోన్లకు తెచ్చింది. గూగుల్ సంస్థ ఫ్లట్టర్ మొదటి పూర్తి కూర్పును 2018 డిసెంబరులో విడుదల చేసింది. ఈ రెండింటితో ఒకసారి రాసిన భాగాలను చాలావరకు రెండు రకాల ఫోన్లలోనూ వాడవచ్చు. ఆపిల్ వారి స్విఫ్ట్ యూఐ 2019లోను, ఆండ్రాయిడ్ కోసం జెట్‌ప్యాక్ కంపోజ్ 1.0 కూర్పు 2021లోను వచ్చాయి. పేర్లు వేరైనా సూత్రం ఒక్కటే: చిన్న భాగం చెయ్యి, దానిని మళ్లీ వాడు.

తెలుగు అక్షరం ఎక్కడ తెగిపోతుంది?

ఇంతవరకు లాభాలు. ఇందులోనే చిక్కు కూడా ఉన్నది. అట్టలో ఒక చిల్లు తప్పుగా పొడిస్తే ఆ తప్పు ప్రతి పువ్వులోనూ, ప్రతి చాదరులోనూ పడుతుంది. విడిభాగమూ అంతే.

ఇంగ్లీషు అక్షరాలను మాత్రమే దృష్టిలో పెట్టుకొని చేసిన బటనును చూడండి. దాని ఎత్తు ఇంగ్లీషుకు సరిపోతుంది. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. లక్ష్మి అనే పేరులోని ఒత్తులు, స్త్రీ అనే మాటలోని ఒత్తులు ఆ ఎత్తులో ఇమడక కింద తెగిపోతాయి. ఇంగ్లీషులో సబ్మిట్ అనే ఆరక్షరాల మాటకు సరిపడే వెడల్పులో సమర్పించండి అనే మాట పట్టదు. చివర మూడు చుక్కలు మిగులుతాయి. చదువు తక్కువైన తల్లి ఆ చుక్కలను చూసి ఏం నొక్కుతున్నదో తెలియక పక్కింటి కుర్రవాడి కోసం ఎదురుచూస్తుంది. తన బ్యాంకు లెక్కను పరాయి చేతికి అప్పగిస్తుంది. అక్షరం తెగడం చిన్న విషయంగా కనిపించవచ్చు, దాని ఫలితం చిన్నది కాదు.

పేరు రాసే గడి సంగతీ అటువంటిదే. మహారాష్ట్రలో సాధారణంగా సొంత పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి పేరు అని మూడు రాస్తారు. మన పల్లెలలో ఇంటి పేరు ముందు, సొంత పేరు తరువాత. మధ్య పేరు ఉండి తీరాలని పట్టుబట్టే గడి, సరిహద్దు కుటుంబాలకు ఇబ్బంది. ఏదో ఒకటి నింపి ముందుకు పోతే ఒక కాగితంలో ఒక పేరు, మరొక కాగితంలో మరొక పేరు అవుతుంది. ఆ తేడా ఏ ఉపకార వేతనం దగ్గరో, ఏ పింఛను దగ్గరో బయటపడుతుంది.

వేలి సంగతి కూడా ఉన్నది. తాకవలసిన భాగం కనీసం 48 కొలతల పరిమాణంలో ఉండాలని గూగుల్ మార్గదర్శకాలు చెబుతాయి. తెర మీద అది సుమారు 9 మిల్లీమీటర్లు. జీవితమంతా బీడీలు చుట్టిన వేలికీ, చూపు తగ్గిన నేతగానికీ అంతకన్న చిన్న బటను పనికిరాదు. చూపు లేనివారి కోసం ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే ఏర్పాటు తెర మీది భాగాలను చదివి వినిపిస్తుంది. అయితే బొమ్మ మాత్రమే ఉన్న బటనుకు తయారుచేసినవారు పేరు పెట్టి ఉంటేనే అది సరిగ్గా చదవగలదు.

మంచి సంగతి ఏమిటంటే, తప్పు వ్యాపించినట్లే దిద్దుబాటూ వ్యాపిస్తుంది. బటను ఎత్తును అక్షరాలను బట్టి పెరిగేలా ఒక్కచోట సరిచేస్తే యాప్‌లోని ప్రతి బటనూ బాగుపడుతుంది.

అరువు భాగాలతో జాగ్రత్త

ఇతరులు చేసిన భాగాలను ఉచితంగా తెచ్చుకొని వాడడం ఈ వృత్తిలో మామూలే. అందులోనూ మెలకువ అవసరం. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల చిన్న భాగాన్ని దాని కర్త ఉమ్మడి భాండాగారం నుంచి తొలగించాడు. అది తెర మీద కనిపించే భాగం కాదు, అక్షరాలకు ఎడమవైపు ఖాళీ చేర్చే చిన్న పనిముట్టు. అయినా దాని మీద ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల నిర్మాణం ప్రపంచమంతటా ఒక్కసారిగా నిలిచిపోయింది. కొద్ది గంటలలో దానిని తిరిగి చేర్చారు. పక్కింటి కండె మీద నమ్మకంతో మగ్గం ఎక్కినవారికి ఈ కథ కొత్త కాదు.

పిల్లలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ రెండూ ఉచితం. కాని కంప్యూటరు లేని ఇంటిలో కూడా మొదటి పాఠం నేర్చుకోవచ్చు. రోజూ వాడే ఒక యాప్ తెరను కాగితం మీద గీయాలి. ఒకే ఆకారంలో మళ్లీ మళ్లీ వచ్చే భాగాల చుట్టూ ఒకే రంగు గీత గీయాలి. ప్రతి భాగంలో మారనిది ఏమిటి, మారేది ఏమిటి అని రెండు వరుసలలో రాయాలి. మారనిది అట్ట, మారేది నూలు. ఈ విభజన చేతనైన పిల్లలకు ప్రోగ్రాము రాయడంలోని ముఖ్యమైన మెట్టు ఒకటి దాటినట్లే. గ్రాఫు కాగితం మీద పువ్వును గళ్లుగా విడగొట్టే పనిని ఇంట్లో చూసిన పిల్లలకు ఇది మరింత సులభం.

పెద్దలు చేయగలిగినదీ ఒకటి ఉన్నది. తెర మీద తెలుగు అక్షరం తెగినా, పేరు గడి మన పేరును అంగీకరించకపోయినా తమకు చదువు రాకనే ఇలా జరిగిందని ఊరుకోరాదు. అది తయారుచేసిన భాగంలోని లోపం. యాప్ దొరికే ప్లే స్టోరులో అభిప్రాయం రాసే చోటు ఉంటుంది. ఏ తెరలో, ఏ మాట, ఎలా తెగిందో అక్కడ తెలుగులోనైనా, మరాఠీలోనైనా రెండు వాక్యాలు రాయవచ్చు; తెర బొమ్మ తీసి ఉంచుకొంటే అడిగినప్పుడు చూపవచ్చు. ఒక్క భాగం దిద్దితే షోలాపూర్ పేటలోని అవ్వకూ, సరిహద్దు ఇవతల పల్లెలోని ఆమె అక్కకూ ఒకేసారి అక్షరం పూర్తిగా కనిపిస్తుంది.